రెండు కార్డుల సీనియారిటీ జాబితా

భర్త మీద చాడీలు చెప్పే అలవాటు ఇందుమతికి లేదు. ఎవరైనా కూర్చోబెట్టి అడిగితే తప్ప నోరు విప్పదు. ఎవరూ అడగకపోతే తనే ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకుంటుంది, అంతే.

సోమసుందరం గారికి పేకాట లేదు, నోటి దురుసు లేదు. ఉన్నదల్లా సీనియారిటీ. గోదావరి గట్టు మీద వరద పటాల ప్రత్యేక కార్యాలయంలో ఆయన ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు. ఎవరు ఎవరికంటే ముందు ఉద్యోగంలో చేరారో, ఎవరు ఎవరి తర్వాత పైమెట్టు ఎక్కాలో జాబితాలు రాయడం ఆయన పని. ఇరవయ్యారేళ్లు ఆ పని చేశాక సాయంత్రం అయిదున్నరకి దాన్ని ఆఫీసులో వదిలి రావడం ఎవరి తరమూ కాదు. ఇంట్లో దండెం మీద బనియన్లు కొన్న తేదీ వరసలో ఆరాలి. ప్రెషర్ కుక్కర్లు రెండున్నాయి. పాతది పెద్ద బర్నరు మీదా, కొత్తది చిన్న బర్నరు మీదా ఉండాలి.

"చిన్న మంట మీద కందిపప్పు గంటకి గానీ ఉడకట్లేదండీ," అంది ఇందుమతి ఒకరోజు.

"పాతదాని సర్వీసు ఏమైపోవాలి?"

"సర్వీసు సంగతి నాకు తెలీదు. దానికి గాస్కెట్టు పోయింది."

"గాస్కెట్టు పోయినంత మాత్రాన సీనియారిటీ పోదు ఇందూ," అన్నారాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో నిజమైన దయ ఉంది.

ఇలాంటి మనిషి చేతిలో కుక్కర్లున్నంత వరకూ దేశానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఆ వేసవిలో ఆయన చేతికి గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి.

పైనున్న బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే ఏ లంక ఎంత లోతు మునుగుతుందో లెక్కగట్టి పటం గీసివ్వడం ఆ కార్యాలయం పని. నీళ్లు కింది లంకలకి చేరడానికి పన్నెండు గంటలు పడుతుంది. ఆఫీసు కంప్యూటరు పటం గీయడానికి పద్నాలుగు గంటలు పడుతుంది. ఈ రెండు గంటల తేడాని కార్యాలయం ఏనాడూ దాచుకోలేదు. నిరుడు ఆగస్టులో పటాన్ని పడవలో తీసుకెళ్లి పంచారు. ఇంటి కప్పుల మీద కూర్చున్నవాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా కచ్చితంగా ఉందని మెచ్చుకున్నారు.

మెచ్చుకోని మనిషి నూకరత్నం ఒక్కతే. ఆమె ఇందుమతి వాళ్లింటికి పాలు పోస్తుంది. లంకలో పదమూడు గేదెలుండేవి. నిరుటి వరద తర్వాత పదకొండు మిగిలాయి.

"మీ అయ్యగారితో చెప్పండమ్మా," అందామె పాలు కొలుస్తూ. "నా గేదెల్ని పంటు మీద రెండేసి చొప్పున ఇవతలికి దాటించాలంటే అయిదు గంటలు పడద్ది. ఆ అయిదు గంటలు ముందు చెప్పమనండి, చాలు. నీళ్లు పోయాక బొమ్మలు నాకెందుకు?"

"నీళ్లు వదిలారనగానే తోలుకొచ్చెయ్యరాదూ?"

"ఏడాదికి ఇరవైసార్లు వదుల్తారండి. మా లంక మునిగేది ఒక్కసారి. ఇరవైసార్లూ తోలితే ఇంక పాలు నేనివ్వాల్సిందే."

అందుకని సర్కారు రెండు గ్రాఫిక్స్ కార్డులు మంజూరు చేసింది. ఒక్క కార్డు తగిలిస్తే పటం ఎనిమిది గంటల్లో వస్తుంది. రెండూ కలిపి ఒకే కంప్యూటరులో నడిపితే నాలుగు గంటలు చాలు. ఈ లెక్క చెప్పింది షాహీన్. కాంట్రాక్టు మీద పనిచేసే ఇంజనీరు, పాతికేళ్ల పిల్ల. ఆఫీసులో కంప్యూటరు మూత విప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి సీనియారిటీ జాబితాలో ఆమె పేరు లేదు.

కార్డులు వచ్చిన రోజే షాహీన్ ఒక కాగితం రాసి పెట్టింది. రెండు కార్డులు బిగించేముందు మదర్‌బోర్డు చూసుకోవాలి. దాని మీద పొడుగు స్లాట్లు రెండున్నాయా, వాటి మధ్య ఎడం ఎంత, కరెంటు ఇచ్చే డబ్బాకి రెండిటినీ మోసే శక్తి ఉందా అన్నవి కనుక్కోవాలి. చివరగా ఒక మాట చేర్చింది. స్లాటుకీ ప్రాసెసరుకీ మధ్య సమాచారం నడిచే దారుల్ని లేన్లు అంటారనీ, మన బోర్డు మొదటి స్లాటుకి పదహారు లేన్లు, రెండో స్లాటుకి నాలుగు లేన్లు మాత్రమే ఇస్తుందని కంపెనీ కాగితంలో ఉందనీ.

డైరెక్టరు భుజంగరావు గారు చివరి వాక్యం దగ్గర ఆగిపోయారు. మిగతావన్నీ సాంకేతికం. ఇది మాత్రం అన్యాయం. అంచున ఎర్రసిరాతో ఇలా రాశారు: "ఒకే హోదా, ఒకే అర్హత గల ఇరువురిలో ఒకరికి పదహారు, ఒకరికి నాలుగు ఏ ప్రాతిపదికన కేటాయించబడుచున్నవి? మొదటి స్లాటుకు ఎవరు అర్హులు? ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను పరిశీలించి నివేదించవలెను."

ఆ సాయంత్రం సోమసుందరం గారు ఇంటికి వచ్చిన తీరు చూసి ఇందుమతి ఆయనకి ప్రమోషను వచ్చిందనుకుంది.

"రెండూ ఒకే నెలలో తయారయ్యాయి," అన్నారాయన చెప్పులైనా విడవకుండా. "ఒకే పెట్టెలో వచ్చాయి. వరస నంబర్లు చూస్తే ఒకటి నాలుగువందల పదిహేడు, ఇంకొకటి పద్దెనిమిది."

"అయితే పదిహేడు పెద్దది. కాఫీ ఇవ్వనా?"

"అంత తేలికైతే నేనెందుకు?" ఆయన మొహం వెలిగిపోయింది. "పెట్టెలోంచి పద్దెనిమిదిని పొద్దున పదకొండుకే బయటికి తీశారు. ఇంతలో భోజనాల బెల్లయింది. పదిహేడుని తీసింది రెండున్నరకి. అంటే పద్దెనిమిది పూర్వాహ్నం చేరింది, పదిహేడు అపరాహ్నం చేరింది!"

పూర్వాహ్నం చేరినవాడు అపరాహ్నం చేరినవాడికి సీనియరు. ఈ ఒక్క సూత్రం మీద ఆయన ఎన్నో జీవితాల్ని పైకి లేపారు, ఎన్నిటినో కింద కూర్చోబెట్టారు. తాత్కాలిక జాబితా తయారైంది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలని నోటీసు రాసి, సంబంధితులకు స్వయంగా అందజేసినట్లు రుజువుండాలి గనక, కార్డుల అట్టపెట్టెకి అతికించారు. పదిహేను రోజులూ గడిచాయి. కార్డులు అభ్యంతరం చెప్పలేదు. ఇంత క్రమశిక్షణ గల సిబ్బందిని తన సర్వీసులో చూడలేదని సోమసుందరం గారు ఫైల్లో రాసుకున్నారు.

షాహీన్ ఇంటికొచ్చి ఇందుమతి దగ్గర మొరపెట్టుకుంది. ఇందుమతి భౌతికశాస్త్రంలో బి.ఎస్సీ. చదివింది. ఆ చదువుని ఇన్నాళ్లూ మిక్సీ బాగుచేయడానికి మాత్రమే వాడుకుంది.

"మేడమ్, లేన్లు తక్కువైనా మన పనికి ఫరవాలేదు. కార్డు లావు, అదీ గొడవ. రెండు స్లాట్లూ దగ్గర దగ్గరగా ఉన్నట్టున్నాయి. మొదటిది పెడితే రెండోది దూరదేమోనని నా భయం. సార్‌కి చెబితే, దూరకపోవడం సర్వీసు రూల్సులో లేదంటారు."

రాత్రి భోజనాల దగ్గర ఇందుమతి భర్తకి తనకి తెలిసిన భాషలో చెప్పింది. "స్టవ్వుంది. బర్నర్లు రెండు. పెద్ద బర్నరు మీద పొట్ట బాగా వెడల్పున్న కుక్కరు పెట్టాం. రెండో బర్నరు మీద కూడా అంత కుక్కరే పెట్టబోతే మొదటిదానికి తగిలి కూర్చోదు. బర్నర్ల మధ్య ఎడం చూసుకోకుండా కుక్కర్లు కొంటే అంతేగా?"

సోమసుందరం గారు శ్రద్ధగా విన్నారు. ముద్ద కూడా ఆపి ఆలోచించారు.

"ఆ రెండు కుక్కర్లలో ఏది ముందు కొన్నాం?" అన్నారు.

జూలై మొదట్లో పొందిక పరిశీలనా సంఘం ఏర్పడింది. నిబంధన ప్రకారం అందులో ఒక అనధికార మహిళా సభ్యురాలు ఉండాలి. డైరెక్టరు గారు ఊరంతా వెతికించకుండా, "మీ ఇంటావిడ చదువుకున్నారుగా," అన్నారు. ఇందుమతి జరీ అంచు చీర కట్టుకుని, చేతిసంచీలో జాకెట్లు కొలిచే టేపు వేసుకుని వెళ్లింది. షాహీన్‌ని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. అంటే కుర్చీ ఉంటుంది, వోటు ఉండదు.

"సాంకేతిక వివరాల జోలికి పోకుండా మౌలికమైన విషయం ముందు తేల్చుకుందాం," అని భుజంగరావు గారు మొదలుపెట్టారు. "రెండో స్లాటుకు పరిమితమయ్యే కార్డు మనోస్థైర్యం దెబ్బతినకుండా తీసుకోవలసిన చర్యలు. సూచనలు ఆహ్వానిస్తున్నాను."

"వంతులు పెట్టవచ్చునండి," అన్నారు సోమసుందరం గారు. "ఒక వారం ఇది మొదటి స్లాటులో, మరుసటి వారం అది. పరస్పర బదిలీ."

"బాగుంది. బదిలీ అయినవారికి చేరికకు వ్యవధి ఎంత?"

"ఏడు రోజులండి."

వారానికోసారి బదిలీ, చేరడానికి వారం గడువు. ఇందుమతి వేళ్ల మీద లెక్కవేసింది. ఆ లెక్కన రెండు కార్డులూ రిటైరయ్యేదాకా దారిలోనే ఉంటాయి. సంఘం ఆ సూచనని హర్షధ్వానాలతో ఆమోదించింది.

ఆమె బల్ల మీదున్న కార్డుని దగ్గరికి లాక్కుని టేపు పెట్టింది. "లావు ఆరు సెంటీమీటర్లు ఉందండి. ఏమ్మా షాహీన్, ఆ బోర్డు మీద రెండు స్లాట్ల మధ్య ఎడం ఎంత?"

"కంపెనీ కాగితంలో నాలుగని ఉంది మేడమ్."

"మరి నాలుగులో ఆరు ఎలా పడుతుందండీ?"

భుజంగరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చాలా మంచి ప్రశ్న. మహిళా సభ్యురాలి చురుకైన భాగస్వామ్యాన్ని సంఘం అభినందిస్తోంది. రాసుకోండి సోమసుందరం గారూ."

"ప్రశ్న రాసుకోమంటారాండీ?"

"అభినందన రాసుకోండి."

"కాగితం మాట అటుంచి, మూత తీసి ఒక్కసారి కొలిచి చూస్తే పోలా?" అంది ఇందుమతి.

"సీలు ఉన్నదమ్మా. పొందిక ఉన్నట్టు ధ్రువీకరించిన తరువాతే సీలు తీయవలెను."

"ధ్రువీకరించాలంటే ముందు తీసి చూడాలి కదండీ?"

"అందుకనే ముందు ధ్రువీకరించేస్తే ఏ చిక్కూ ఉండదు," అన్నారు డైరెక్టరు గారు, చంటిపిల్లకి చెప్పినంత ఓర్పుగా.

ఆ సర్టిఫికెట్టు మీద సోమసుందరం గారు గుండ్రటి అక్షరాలతో రాశారు: "పరిశీలించితిని. రెండు కార్డులును బోర్డునకు సరిపోయినవి." కింద తేదీతో సంతకం. ఇందుమతి రిమార్కుల గళ్లో 'కొలిచి చూడలేదు' అని రాసి సంతకం చేసింది. రిమార్కుల గడి ఎవరూ చదవరని ఆమెకి కాపురం చేసిన ఇన్నేళ్లలో తెలిసింది.

పోనీ ఒక్క కార్డయినా బిగిస్తానని షాహీన్ రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. ఒకరికి పదవి ఇచ్చి రెండోవారిని ఖాళీగా కూర్చోబెట్టడం వివక్ష అవుతుందని రెండుసార్లూ తిరిగొచ్చింది. ఎగువన వానలు మొదలయ్యాయి. ప్రారంభోత్సవానికి ఆగస్టులో ఒక బుధవారం ఖరారైంది.

ఆ బుధవారం పొద్దున ఎనిమిదింటికి బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఇది నిరుటంత నీరో కాదో ఇప్పుడే చెప్పలేమని రేడియోలో చెప్పారు. నీళ్లు లంకలకి చేరేది రాత్రి ఎనిమిదికి.

పదింటికి కంప్యూటరు గదిలో సంఘం సభ్యులందరి ఎదుట రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. షాహీన్ సీలు తీసి, మూత విప్పి, సీనియరు కార్డుని మొదటి స్లాటులో కూర్చోబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. జూనియరు కార్డుని తీసుకుని రెండో స్లాటు దగ్గర పెట్టింది. అది సీనియరు వీపుకి తగిలి ఆగిపోయింది.

"నొక్కమ్మా," అన్నారు భుజంగరావు గారు.

"నొక్కితే విరుగుద్ది సార్."

"సర్టిఫికెట్టు ఏమంటోంది?"

సోమసుందరం గారు ఫైలు విప్పారు. "సరిపోయినవి అంటోందండి."

"అయితే గట్టిగా చదవండి."

ఆయన కంప్యూటరు ఎదుట నిలబడి సర్టిఫికెట్టుని స్పష్టంగా, తేదీతో సహా చదివారు. షాహీన్ మళ్లీ పెట్టి చూసింది. దూరలేదు. నంబర్లు తారుమారు చేసి పెట్టారు. దూరలేదు. సంఘం ఎదురుగా ఉంది గనక కార్డు జంకిందేమోనని అందరూ ఒక నిమిషం వరండాలోకి వెళ్లి వచ్చారు. అప్పటికీ దూరలేదు.

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఇందుమతి మనసులో లెక్క నడుస్తోంది. పటానికి నాలుగు గంటలు, గేదెలకి అయిదు. పదకొండింటికి మొదలుపెడితే మూడింటికి పటం, ఎనిమిదింటికి ఆఖరి గేదె ఒడ్డున. పదకొండు దాటితే ఆఖరి పంటు ఎక్కాల్సిన గేదె నీళ్ల పాలే.

"ఏమ్మా," అంది షాహీన్‌తో, "ఇంతకంటే పెద్ద బోర్డున్న కంప్యూటరు ఈ ఆఫీసులో ఇంకోటి లేదా?"

షాహీన్ ఒక్క క్షణం తటపటాయించి, సోమసుందరం గారి వంక చూసింది. "ఉందండి. సార్ బల్ల కింద."

నిజమే. నిరుడు మంచి కంప్యూటరు ఒకటి వస్తే, ఎవరికివ్వాలన్న ప్రశ్నకి సీనియారిటీ జాబితా చూసి, ఆ జాబితా రాసిన ఆయనకే ఇచ్చారు. ఆయన దాని మీద జాబితాలు టైపు చేస్తారు, దాని మీదే కాళ్లు పెట్టుకుంటారు. షాహీన్ పరుగెత్తుకెళ్లి దాని మూత తీసింది. వెనకాలే ఇందుమతి టేపు పట్టుకుని వంగింది. స్లాట్ల మధ్య ఎనిమిది సెంటీమీటర్ల ఎడం. కరెంటు డబ్బా కూడా పెద్దది.

"ఆ బోర్డయితే రెండు కార్డులకీ ఎనిమిదేసి లేన్లు ఇస్తుంది సార్," అంది షాహీన్ కంప్యూటరు గదికి తిరిగొచ్చి.

"సమానంగానా?" భుజంగరావు గారి కళ్లు చెమర్చాయి. "పూర్తిగా సమానంగానా?" వెంటనే తేరుకున్నారు. "కాని చిక్కున్నది. ఈ కార్డులు ఇక్కడి బోర్డుకు సరిపోయినట్లు ధ్రువపత్రం అమలులో ఉన్నది. సరిపోయిన వస్తువును తొలగించుటకు నాకు అధికారము లేదు. ధ్రువీకరించిన అధికారి అది పొరపాటని సంఘం ఎదుట నోటిమాటగా చెప్పాలి. అప్పుడు అభ్యంతరం లేదు."

అందరి చూపులూ సోమసుందరం గారి మీద పడ్డాయి. ఆయన గొంతు సవరించుకున్నారు.

"పునఃపరిశీలన మీదట తెలియవచ్చినదేమనగా, స్లాటుల నడుమ ఎడము తగ్గియున్నందున..."

"తగ్గలేదు సార్. కొన్నప్పట్నుంచీ అంతే," అంది షాహీన్ స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని.

"తయారీదారులు కార్డుల మందమును అనూహ్యముగా పెంచినందున..."

"మొన్న మీ ఎదురుగానే కొలిచాను కదండీ," అంది ఇందుమతి మెల్లగా.

"పరిస్థితుల ప్రభావము చేత, ఎవ్వరి ప్రమేయమూ లేకుండగనే..."

పదీ నలభై. గుమ్మంలో ఖాళీ పాలక్యాను చప్పుడైంది. నూకరత్నం. రేడియో విని, పాలు పొయ్యడం సగంలో ఆపి సరాసరి వచ్చేసింది. తడిసిన చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉంది. లోపల ఇంతమంది పెద్దలు ఒక ఇనపపెట్టె చుట్టూ నిలబడి ఉండడం చూసింది.

"గేదెల్ని తోలాలో వద్దో అడుగుదామని వచ్చానండి. మా లంక మునుగుద్దా?"

"పటం ఇంకా మొదలవ్వలేదు రత్నం," అంది ఇందుమతి. "ఆ కార్డులు దీంట్లో పట్టలేదు. వేరేదాంట్లో పెట్టాలి."

"అయితే పెట్టండి. ఎవరొద్దన్నారు?"

"ఇందులో పడతాయని రాసినవారు, తప్పు రాశామని చెప్పవలసి ఉన్నదమ్మా," అన్నారు భుజంగరావు గారు.

నూకరత్నం ఒక్కొక్కరి మొహమే చూసింది. "ఓస్, ఇంతేనా? మరి ఆ తప్పెవరిదండీ? బేగా చెప్పండి బాబూ, నాకు పదకొండు గేదెలున్నాయి."

సోమసుందరం గారు చేతిలో ఉన్న కలాన్నే జేబులో వెతుక్కుంటున్నారు. ఇరవయ్యారేళ్లలో ఆయన రాసిన వాక్యాలన్నిటిలోనూ పనులు జరగబడ్డాయి, నిర్ణయాలు తీసుకోబడ్డాయి. ఎవరో ఒకరు చేశారని రాసిన వాక్యం ఒక్కటీ లేదు. ఇందుమతి టేపు చుట్టి సంచీలో పెట్టుకుంది. ఇంక కొలవడానికేమీ లేదు. ఆ క్షణంలో ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకుని, ఒలికిందని చెప్పలేక తడిసిన పంచెతో అలాగే కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు.

"నాదేనమ్మా," అన్నారాయన.

ఫైలు మూసేసి పక్కన పెట్టారు.

"మూత తీయలేదు. కొలవలేదు. ఆవిడ కొలిచి చెబితే వినలేదు. సరిపోయాయని సంతకం పెట్టేశాను."

షాహీన్ అప్పటికే కార్డు పీకేసి, రెండూ పట్టుకుని ఎస్టాబ్లిష్‌మెంటు గదివైపు పరుగెత్తింది. ఆ రోజు పదకొండుకి రెండు నిమిషాలుండగా పటం మొదలైంది. నూకరత్నం లంక నిలువెత్తు మునుగుతుందని మూడు కాకముందే తేలింది. రాత్రి ఎనిమిది కొట్టేసరికి పదకొండు గేదెలూ రేవు పక్కన స్కూలు ఆవరణలో పిల్లలు నాటిన మొక్కలు మేస్తున్నాయి.

అవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం భుజంగరావు గారు చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "మినిట్సులో ఎక్కించుటకు సరిగా వినబడలేదు. ఇంకొక్కమారు, గట్టిగా," అన్నారు.

సోమసుందరం గారు ఈసారి గొంతు సవరించుకోలేదు. వరండాలోకి, టైపు సెక్షనులోకి, అటెండర్ల బెంచీ దాకా వినబడేలా అన్నారు:

"తప్పు నాదండీ."